గడ్డికుప్పలో దొరికిన క్రిస్మస్ కార్డు

“బావా, క్రిస్మస్ కార్డు మీదికి మంచి యుద్ధం బొమ్మ ఒకటి చూసిపెట్టు” అన్నాడు సుబేదార్, ఉగ్గాని ప్లేటులోంచి మిరపకాయ బజ్జీని శత్రువును పట్టుకున్నట్టు పట్టుకుని.

గద్వాల కోట ముందు హోటల్లో కూర్చున్నాం. నేను ముప్పై ఏళ్ళు బడిలో సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి. మా ఊళ్ళో ముహూర్తం కావాలంటే అయ్యవారి దగ్గరికి, పత్తి విత్తనం సంగతైతే సీడ్ ఆర్గనైజర్ దగ్గరికి, యుద్ధం కావాలంటే నా దగ్గరికి రావడం రివాజు. సుబేదార్ మిలిటరీలో ఇరవై ఎనిమిదేళ్ళు చేసి వచ్చాడు. మా ఇద్దరికీ చుట్టరికం లేదు. నాలుగో తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చున్నందుకు బావలమయ్యాం.

“క్రిస్మస్‌కు యుద్ధమేందిరా?” అన్నాను.

“నా యూనిట్ దోస్తులు ముప్పై మంది ఉన్నరు. పంజాబాయన పండుగకు రంజిత్ సింగ్ బొమ్మ పంపుతడు. మరాఠాయన దీపావళికి శివాజీని పంపుతడు. నేను ఏటా మంచు, జింకలు, జారుడు బండి పంపుతున్న. నేను గద్వాలోణ్ణా, అలాస్కావోణ్ణా? ఈసారి ఫోన్ల బొమ్మ గాదు, అచ్చేసిన కార్డే పంపాలె.”

షరతులు మూడు పెట్టాడు. గుర్రం ఉండాలి. మనవాళ్ళు గెలవాలి. రక్తం కనపడకూడదు. చరిత్రలో ఈ మూడూ ఒకచోట కలిసిన సందర్భం నాకు చప్పున గుర్తు రాలేదు గానీ, టీచరుగా పనిచేసినవాడు తెలియదని చెప్పడు. సరేనన్నాను.

ఇంటికి పోయి మొదట క్రిస్మస్ కార్డు పుట్టుక చూశాను. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే పెద్దమనిషి, పండక్కి వచ్చిన ఉత్తరాలన్నిటికీ జవాబు రాసే ఓపిక లేక, జాన్ హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత ఒక బొమ్మ వేయించి వెయ్యి కార్డులు అచ్చు కొట్టించాడు. కార్డు ఒక్కింటికి షిల్లింగ్ ధర. బొమ్మలో కుటుంబమంతా ద్రాక్షసారా తాగుతుంటే, ఒక చిన్నపిల్లకు కూడా గ్లాసు అందిస్తుంటారు. మద్యం వద్దనే సంఘాలవాళ్ళు ఊరుకుంటారా? గొడవ చేశారు. అంటే బద్ధకంతో పుట్టి, పుట్టగానే తగాదా తెచ్చిన వస్తువు ఇది. ఈ సంగతి చెప్తే సుబేదార్ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. “చిన్నపిల్లకు మందు తాపేదానికన్న యుద్ధం నయం గదా!”

రెండో రోజు వాషింగ్టన్‌ను చూపించాను. 1776 డిసెంబర్ 25 రాత్రి, గడ్డకట్టే చలిలో, సైన్యంతో డెలావేర్ నది దాటిన ఘట్టం. సరిగ్గా క్రిస్మస్ రోజు! ఆ బొమ్మను లాయిట్స అనే చిత్రకారుడు 1851లో వేశాడు. ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో గోడకు గోడంత, ఇరవై ఒక్క అడుగుల వెడల్పున వేలాడుతోంది. సేనాధిపతి పడవలో ఒక కాలు ముందుకు పెట్టి నిటారుగా నిలబడ్డాడు. చుట్టూ మంచుపెళ్ళలు. వెనక జెండా. అసలు ఆ జెండా ఆ రాత్రికి పుట్టనే లేదు, మరుసటేడు ఖాయమైంది. ఆ సంగతి నేను దాచాను.

సుబేదార్ అద్దాలు సవరించుకుని చాలాసేపు చూశాడు.

“ఈ బొమ్మ గీసినోడు పుట్టి ఎక్కినోడు గాదు బావా.”

ఆ మాటకు తిరుగులేదు. మా నడిగడ్డలో పుట్టినవాడికి అటు కృష్ణ, ఇటు తుంగభద్ర. వంతెనలు రాకముందు పెళ్ళివారూ మేకలూ వడ్లమూటలూ అన్నీ పుట్టి మీదనే దాటాయి. పుట్టి అంటే వెదురుతో అల్లిన పెద్ద బుట్ట. అందులో ఎక్కినవాడి మొదటి ధర్మం కూర్చోవడం. రెండో ధర్మం కూడా కూర్చోవడమే. హోదా గుర్తొచ్చి ఎవరైనా లేచి నిలబడితే పుట్టి గిర్రున తిరిగి అతని హోదాను ముందు తూర్పుకూ, తరువాత పడమరకూ చూపించి, చివరికి కృష్ణలో దింపుతుంది. “ఈ కార్డు మా నాయన చూస్తే, కూసో బిడ్డా అని అరుస్తుండె” అన్నాడు సుబేదార్. వాషింగ్టన్ అలా వెళ్ళిపోయాడు.

మూడోది నెపోలియన్. ఆల్ప్స్ కొండల మీద, ముందు కాళ్ళెత్తిన తెల్లగుర్రం, గాలికి ఎగిరే ఎర్ర శాలువా. దావీద్ అనే చిత్రకారుడు వేశాడు. ఇక్కడ మాత్రం నోరు జారాను. నిజానికి 1800లో ఆయన ఆ కొండ దాటింది కంచరగాడిద మీద అని చెప్పేశాను.

“మరి దాన్నే గీయొచ్చు గద! క్రిస్మస్‌కు గుర్రం కన్న గాడిదే పనికొచ్చేది” అన్నాడు. చరిత్రకారులు ఈ కోణం ఎందుకు వదిలేశారో నాకూ అర్థం కాలేదు.

నాలుగోది తనే తెచ్చాడు. ఢిల్లీలో డ్యూటీ చేసినప్పుడు తీన్‌మూర్తి దగ్గర తీయించుకున్న ఫొటో. 1922లో నిలబెట్టిన ఆ ముగ్గురు కంచు సైనికులు హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ అశ్వదళాలకు గుర్తు. మొదటి ప్రపంచ యుద్ధంలో వీళ్ళు పోరాడింది పాలస్తీనాలో, అంటే బైబిలు దేశంలోనే! సుబేదార్ కళ్ళు మెరిశాయి. అయితే 1918 సెప్టెంబర్ 23న హైఫా పట్టణం మీదికి గుర్రాలు ఉరికించింది జోధ్‌పూర్, మైసూర్ వాళ్ళు. మన హైదరాబాద్ వాళ్ళకు ఆ రోజు ఆ భాగ్యం దక్కలేదు. పైగా ముగ్గురూ నిలబడే ఉన్నారు, గుర్రం ఒక్కటీ లేదు. అంతకుముందు ఏడాది డిసెంబర్‌లో యెరూషలేములో అడుగుపెట్టిన బ్రిటిష్ సేనాని అలెన్‌బీ కూడా, పవిత్ర నగరమని గుర్రం దిగి నడిచే పోయాడు. “ఏందిది బావా, పండుగ దగ్గర పడేకొద్దీ అందరు గుర్రాలు దిగుతున్నరు!” అన్నాడు సుబేదార్ దిగాలుగా.

ఇక లాభం లేదని వనపర్తి బస్సెక్కాం. అక్కడ సుబేదార్ మేనల్లుడికి డీటీపీ, ఫ్లెక్సీల షాపుంది. షాపుకు పోయే ముందు రాజమహలు చూశాం. ఇప్పుడది పాలిటెక్నిక్ కాలేజీ. ఒకప్పుడు వనపర్తి రాజులు ఆఫ్రికా వాళ్ళతో ఒక గుర్రపు దళం పెట్టారనీ, అది తరువాత నిజాం కొలువుకు చేరిందనీ చెప్తారు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉన్నచోటే హైదరాబాద్‌లో ఈనాటి ఏసీ గార్డ్స్. ఆ పేరు విని అక్కడ ఏసీలు అమ్ముతారనుకున్న ఒక బంధువు నాకున్నాడు.

మేనల్లుడు ఈ కథ విని కుర్చీలోంచి లేచాడు. “మామా, క్రిస్మస్ బొమ్మల్ల ముగ్గురు తూర్పు దేశపు జ్ఞానులుంటరు గద! అందుల ఒకాయన్ను నల్లాయన లెక్కనే గీస్తరు. మన వనపర్తి గుర్రపోళ్ళను ముగ్గుర్ని పెట్టి, పైన స్టార్ పెడదాం!” ఆలోచన బంగారం. అయిదు నిమిషాల్లో కంప్యూటర్ మీద ముగ్గురు రౌతులు తయారయ్యారు. ఆరో నిమిషంలో ముగ్గురికీ శాంటా టోపీలు వచ్చాయి. ఏడో నిమిషంలో గుర్రాలకు కూడా వచ్చాయి. కింద “క్రిస్మస్ శుభకాంక్షలు” అని ఉంది. దీర్ఘం పోయింది, పెట్టమన్నాను. “సారూ, అందరు గిట్లనే ఏయించుకుంటరు” అన్నాడు. ముప్పై ఏళ్ళు దీర్ఘాల కోసం దెబ్బలు కొట్టిన చెయ్యి నాది. వణికింది.

వాడే మరో బొమ్మ తీశాడు. “ఇది సూడున్రి. మంచు ఉంది, పల్లెటూరుంది, గుర్రాలున్నయి, సైన్యముంది. రక్తం చుక్క లేదు. పర్‌ఫెక్ట్!” దూరం నుంచి నిజంగానే ముచ్చటగా ఉంది. తెల్లటి కప్పుల ఇళ్ళు, వీధి నిండా జనం. దగ్గరికి జరిగి చూశాను. బ్రూగెల్ అనే పదహారో శతాబ్దపు ఫ్లెమిష్ చిత్రకారుడిది. హేరోదు రాజు పంపిన సైనికులు బేత్లెహేములో పసిపిల్లల్ని చంపే ఘట్టాన్ని తన కాలపు పల్లెలో జరిగినట్టు వేశాడు. ఇంగ్లండ్ రాజకుటుంబం దగ్గరున్న ఆ చిత్రంలో, ఎవరికో చూడబుద్ధి కాక, పసిపిల్లల మీద రంగు పూయించి మూటలూ కోళ్ళూ బాతులూ వేయించారు. అందుకే తల్లులు ఆ బొమ్మలో మూటల కోసం గుండెలు బాదుకుంటూ ఉంటారు. సంగతి చెప్పాక షాపులో కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. మేనల్లుడు మెల్లగా ఆ ఫైలు మూసేశాడు.

“పెద్దయ్యగారిని అడుగుదాం పా” అన్నాడు సుబేదార్. ఆయనకు బాప్తిస్మం ఇచ్చిన పాస్టరు గారు రిటైరై నాగర్‌కర్నూల్‌లో ఉన్నారు.

అయ్యగారికి ఎనభై దాటాయి. వందనాలు చెప్పి విషయం విన్నవించాం. ఆయన నవ్వు ఆపుకోవడానికి దగ్గు అరువు తెచ్చుకున్నారు.

“మన సంఘం పేరేంది నాయనా?”

“మెన్నోనైట్ బ్రెదరెన్ అయ్యగారూ.”

“ఆ మెన్నో ఎవరో ఎరికేనా?”

సుబేదార్ నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండర్ వైపు చూశాను. అయ్యగారు పాఠం చెప్పారు. మెన్నో సైమన్స్ పదహారో శతాబ్దపు డచ్చి దేశస్థుడు. ఆయన వెంట నడిచినవాళ్ళకు ముఖ్యమైన నియమం కత్తి పట్టకపోవడం. రష్యాలో స్థిరపడ్డవాళ్ళు 1870ల్లో అక్కడ నిర్బంధ సైనిక సేవ వచ్చేసరికి పండిన పొలాలు వదిలి వేలమంది అమెరికా పోయారు. ఆ వంశాలవాళ్ళే మిషనరీలై మన పాలమూరుకు వచ్చారు. నాగర్‌కర్నూల్‌లో మిషన్ నడిపిన బెర్గ్‌తోల్డ్ దొర ఆ తెగవాడే. గద్వాల మిషన్ 1937లో అమెరికన్ బాప్టిస్టుల దగ్గర్నుంచి వీళ్ళ చేతికి వచ్చింది.

“అంటే” అన్నాడు సుబేదార్, గొంతు తడారిపోయి, “కత్తి పట్టొద్దని సముద్రాలు దాటినోళ్ళ గుడిల పెరిగి నేను ఇరవై ఎనిమిదేండ్లు తుపాకి మోస్తినా? బాప్తిస్మమప్పుడు చెప్పకపోతిరి అయ్యగారూ!”

“నువ్వడగలే. నీ జీతంల దశమభాగం మనియార్డర్ వచ్చినప్పుడు నేను కూడ అడగలే” అన్నారు అయ్యగారు నింపాదిగా. తరువాత జాలిపడి ఊరట చెప్పారు. బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి సైనికులు కూడా వచ్చి మేమేం చేయాలని అడిగారట. ఎవర్నీ పీడించకండి, జీతంతో తృప్తి పడండి అన్నాడట.

“పెన్షన్ సంగతేమన్న చెప్పిండా?” అన్నాడు సుబేదార్ ఆశగా.

“క్రిస్మస్‌ల సైన్యం లేదనుకోకు” అని అయ్యగారు ముగించారు. “లూకా సువార్త రెండో అధ్యాయం తియ్యి. గొర్రెల కాపరులకు కనబడ్డ దూతల గుంపును సైన్యమనే రాసిన్రు. ఆ సైన్యం అర్ధరాత్రి వచ్చింది, పాట పాడింది, పోయింది. ఊరు కాలబెట్టలే. గట్లాంటి దండు బొమ్మ దొరికితె వేసుకో.”

తిరుగు బస్సులో సుబేదార్ మాట్లాడలేదు. పెబ్బేరు దాటింది. బీచుపల్లి వంతెన మీద, కింద కృష్ణ చీకట్లో నల్లగా కదులుతుంటే, ఉన్నట్టుండి అన్నాడు.

“బావా, సోమనాద్రి గుర్రం కత యాదికున్నదా?”

నడిగడ్డలో ఆ కథ తెలియనివాళ్ళు తక్కువ. గద్వాల కోట కట్టించిన సోమనాద్రికీ, కర్నూలు నవాబుకూ నిడ్జూరు దగ్గర యుద్ధమైంది. సోమనాద్రి ప్రాణంగా చూసుకునే గుర్రం శత్రువుల చేతికి చిక్కింది. దాన్ని తెస్తానని ఒక నమ్మకస్తుడు బయల్దేరి, నవాబు డేరాల్లోకి చేరి, గుర్రం కట్టేసిన చోట గడ్డికుప్పలో దాక్కున్నాడు. రాత్రి ఎవడో సిపాయి వచ్చి, చీకట్లో చూసుకోక, గుర్రానికి మేకు పాతాడు. ఆ మేకు గడ్డిలోంచి ఇతని చేతిలో దిగింది. కిక్కురుమనలేదు. సిపాయి పోయాక, ఆ చేతిని తనే నరుక్కుని, గుర్రమెక్కి వచ్చేశాడు. జనం నోట మూడు వందల ఏళ్ళుగా నలిగిన కథ. మా తాతలు చెప్పేటప్పుడు ఆ మేకు దగ్గరికి రాగానే ఊపిరి బిగబట్టేవాళ్ళం.

“పశువును కట్టేసిన జాగ ఉంది” అన్నాడు సుబేదార్, వేళ్ళు మడుస్తూ. “గడ్డి ఉంది. రాత్రి ఉంది. అలికిడి లేదు. చేతిల మేకు గూడ ఉంది బావా. ఇంకేం గావాలె?”

బస్సు ఎర్రవల్లి చౌరస్తాలో ఆగేదాకా నాకు మాట రాలేదు. ప్రపంచమంతా తిరిగి వాషింగ్టన్‌ను, నెపోలియన్‌ను పిలుచుకొచ్చిన నేను, ఊరి గడ్డికుప్ప వెతకలేదు. యుద్ధం బొమ్మలన్నిట్లో గుర్రం మీద ఉన్నవాడే నడిమధ్య ఉంటాడు. గడ్డిలో ఉన్నవాడు ఎప్పుడూ బొమ్మలోకి రాడు. పండగేమో గడ్డిలో పడుకోబెట్టిన పసివాడిది.

మా బడి డ్రాయింగు మాస్టారు బొమ్మ వేశాడు. నల్లటి ఆకాశం, ఒక నక్షత్రం, కట్టేసిన గుర్రం తల తిప్పి గడ్డికుప్పను చూస్తోంది. ఒక మేకు. అంతే. మనిషి కనపడడు. ఒక కత్తన్నా ఉండాలని సుబేదార్ పట్టుబడితే, గడ్డిలోంచి పిడి మాత్రం కనిపించేట్టు వేయించాం. ఫోనులో చూసి అయ్యగారు, “గడ్డిల ఉంటే పర్వాలేదు, ఆడ్నే ఉండనియ్యి” అన్నారు. శుభాకాంక్షల దీర్ఘం నేను దగ్గరుండి పెట్టించాను.

పంజాబాయన ఫోను చేసి గుర్రం ధర అడిగాడట. మరాఠాయన గడ్డి మీద మేకు ఎందుకుందని అడిగాడట. సుబేదార్ ఆయనతో ముప్పావుగంట మాట్లాడాడు.

నలభై అచ్చు వేయించాం, పది మిగిలాయి. కావలసినవాళ్ళు గద్వాల కోట ముందు హోటల్లో పొద్దున ఉగ్గాని వేళకు మమ్మల్ని అడగండి, ఊరికే ఇస్తాం. ఒక్కటే మనవి. ఆ కార్డును గోడకు మేకుతో కొట్టకండి. గడ్డిలో మనిషున్నాడు.