బాట్ బావగారు

నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలుసుకోవాలంటే మియాపూర్ అపార్ట్‌మెంట్‌లో బాల్కనీలోంచి వాచ్‌మన్‌ను ఓ కేకేస్తే చాలు. బాట్ బావగారికి అది నామోషీ. ఐదు నిమిషాల పని తప్పించుకోవడానికి ఐదు రాత్రులు మేలుకునే ఓపిక ఆయనది. పట్టుబట్టి టెలిగ్రామ్‌లో గ్రూపు పెట్టించి, అందులో తన బాట్‌కు, అంటే దానంతటదే జవాబులిచ్చే ప్రోగ్రామ్‌కు, గృహప్రవేశం చేయించారు.

బాట్‌ను పుట్టించడం నిజానికి తేలికే. టెలిగ్రామ్ 2015 జూన్‌లోనే ఆ తలుపు తీసింది. బాట్‌ఫాదర్ అనే పెద్ద బాట్‌కు పేరు చెప్పుకుంటే టోకెన్ ఇస్తుంది. యూజర్‌నేమ్ చివర 'బాట్' అని ఉండాలి. మనకు ఇంటిపేరు ముందొస్తే వాటికి వెనకొస్తుందన్నమాట. ఆపైన నోడ్‌లో ఇరవై లైన్ల జావాస్క్రిప్ట్ రాస్తే పలకరిస్తే పలికే బాట్ తయారు.

పలికింది కూడా. 'నమస్కారం, సీతమ్మ అన్‌డిఫైన్డ్ గారూ!' అంది మూడో అంతస్తు మామ్మగారితో.

టెలిగ్రామ్‌లో రెండో పేరు ఖాళీగా వదిలెయ్యొచ్చు. ఆ ఖాళీని జావాస్క్రిప్ట్ 'అన్‌డిఫైన్డ్' అంటుంది. అక్కడ పేరు ఉందో లేదో ముందు చూసుకోవాల్సింది బావగారే. "మా వాళ్లలో ఆ ఇంటిపేరు ఎవరికీ లేదు నాయనా" అన్నారు మామ్మగారు, గోత్రం కూడా చెప్పబోతూ.

ఆదివారం టిఫిన్ ఆర్డర్లూ బాట్‌కే అప్పజెప్పారు. రెండో ఫ్లోరాయన మొదట 2 ప్లేట్ల ఇడ్లీ అన్నాడు, తర్వాత మరో 1 కలపమన్నాడు. వచ్చినవి 21! మెసేజ్‌లో వచ్చిన అంకె జావాస్క్రిప్ట్ లెక్కలో అంకె కాదు, రాత. రాతకు ప్లస్ పెడితే కూడదు, పక్కన అతికిస్తుంది.

"బ్రెండన్ ఐక్ 1995లో పది రోజుల్లో చేసిన భాషండీ, ఆ మాత్రం ఉంటుంది" అని బావగారు సర్దిచెప్పారు. తన బాట్ మొదలెట్టి అప్పటికి రెండు నెలలు. ఇడ్లీలు మాత్రం అన్ని ఫ్లాట్లకూ అందాయి, చట్నీ చాల్లేదు.

ఇంకోసారి గ్రూపులో ఎవరేమడిగినా బాట్ ఉలకలేదు. బావగారు రెండు రాత్రులు కోడ్ జల్లెడపట్టారు. తప్పు కోడ్‌లో లేదు. గ్రూపుల్లో బాట్‌కు మామూలుగా స్లాష్ పెట్టి రాసిన ఆదేశాలే చెవినపడతాయి. మిగతా కబుర్లు వినాలంటే బాట్‌ఫాదర్ దగ్గర ప్రైవసీ సెట్టింగ్ మార్చాలి. మార్చారు. మర్నాడు 'నీళ్లు' అన్న మాట కనబడ్డ ప్రతి మెసేజ్‌కూ, 'కళ్లలో నీళ్లు తిరిగాయి' అన్నదానికి కూడా, 'ట్యాంకరు 7 గంటలకు' అని జవాబిచ్చింది.

బాట్ నడిచేది బావగారి లాప్‌టాప్‌లోనే. అందుకని దాని మూత వెయ్యడానికి ఇంట్లో ఎవరికీ హక్కు లేదు. విజయవాడ పెళ్లికి వాళ్లావిడ ఒక్కరే వెళ్లొచ్చారు.

ఇంతకీ ట్యాంకరు సమయం బాట్‌కెలా తెలుస్తుందంటారా? రోజూ పొద్దున్నే ఆరింటికి బావగారు నాలుగంతస్తులు దిగి, వాచ్‌మన్‌ను అడిగి వచ్చి ఎక్కిస్తున్నారు.