పొగ మనకు, బూడిద బిట్రగుంటకు

తెలుగువాళ్లం రైలుకు మొదట్లో పెట్టుకున్న పేరు పొగబండి. పండితులకు ఆ మాటకు మసి అంటినట్టు తోచి, కడిగి ఆరేసి ధూమశకటం అన్నారు. మసి పోయింది గాని పొగ పోలేదు. అసలు పొగ 1995లో పోయింది. ఆ ఏడాది డిసెంబరు 6న జలంధర్–ఫిరోజ్‌పూర్ మధ్య నడిచిన బండితో బ్రాడ్‌గేజి మీద రోజువారీ ఆవిరి రైళ్ల కథ ముగిసింది. మీటరుగేజి ఇంజన్లు ఇంకో నాలుగైదేళ్లు దగ్గి దగ్గి అవీ పడుకున్నాయి. మన ప్రేమ మొదలైంది సరిగ్గా అక్కడే. ఇంజను బతికున్నన్నాళ్లూ దాని మీద మన అభిప్రాయం వేరు. కిటికీ పక్క సీటు దొరికితే కంట్లో బొగ్గు నలుసు, దొరక్కపోతే డొక్కలో పక్కవాడి మోచెయ్యి. తెల్ల పంచెతో ఎక్కినవాడు బూడిదరంగు పంచెతో దిగేవాడు. అప్పుడు దాన్ని ప్రయాణ బడలిక అన్నారు, ఇప్పుడు అనుభూతి అంటున్నారు. ఈ అనుభూతికి గిరాకీ ఎంతగా పెరిగిందంటే, 2023 అక్టోబరు 31న గుజరాత్‌లోని ఏక్తానగర్‌ నుంచి అహ్మదాబాద్ వెళ్లే వారసత్వ రైలుకు సాక్షాత్తూ ప్రధానమంత్రి జెండా ఊపారు. ఎదురుగా నిలబడి చూస్తే నల్లటి బొగ్గు ఇంజను. నడిచేది మాత్రం కరెంటుతో. దసరాకు పులివేషం కట్టినవాడు ఎంత గాండ్రించినా ముందు మేకను కట్టేస్తే తినలేడు, దాన్ని కోసి కూర వండి పెట్టాలి. ఈ ఇంజనూ అంతే, బొగ్గు వేస్తే ముట్టదు.

పులివేషంతో నాకు పేచీ లేదు. పొగను తలచుకోవడమూ నేరం కాదు. పేచీ అల్లా ఒక్కటే: పొగను ఫొటో కట్టించి హాల్లో పెట్టుకున్నాం, ఆ పొగ పెంచి పోషించిన ఊళ్లను పెరట్లో పారేశాం. ఆవిరి ఇంజన్ను పొగిడేవాళ్లు దాని బలం గురించే చెబుతారు. ఊళ్లకు కలిసొచ్చింది దాని బలహీనత. అది ఏకబిగిన పరుగెత్తలేని జంతువు. కాస్త దూరం పోగానే దాహం, ఇంకాస్త దూరం పోతే ఆకలి. నీళ్లు పట్టాలి, బొగ్గు ఎక్కించాలి, బూడిద దులపాలి, నిప్పుల పెట్టె శుభ్రం చేయాలి, అలిసిన ఇంజన్ను విప్పి మరొకటి తగిలించాలి, అలిసిన మనుషుల్ని దింపి వేరేవాళ్లను ఎక్కించాలి. అది ఆగిన చోట షెడ్డు, షెడ్డు పక్కన క్వార్టర్సు, క్వార్టర్సు పక్కన బడి, ఆస్పత్రి, సంత. మద్రాసు–బెజవాడ లైను మీద, నెల్లూరుకూ కావలికీ మధ్య, బిట్రగుంట అలా ఎదిగిన ఊరే. గుండ్రంగా కట్టిన లోకో షెడ్డు, ఇంజన్ను నిలబెట్టి చుట్టూ తిప్పే టర్న్‌టేబుల్, రాత్రి రెండింటికి క్వార్టరు తలుపు తట్టి డ్యూటీకి లేపే కాల్‌బాయ్, వాడి కేకకు నిద్రలేచే వీధి కుక్కలు. ఇంజను ఆకలి ఊరికి అన్నం పెట్టింది. 1980 వచ్చేసరికి ఆ లైను పొడవునా కరెంటు తీగలు పరుచుకున్నాయి. కొత్త ఇంజనుకు దాహం లేదు. దాహం లేనివాడు చలివేంద్రం ముందు ఎందుకు ఆగుతాడు? షెడ్డుకు పని పోయింది, పనితోపాటు మనుషులూ పోయారు. క్వార్టర్సు మిగిలాయి, వాటి గోడల్లో రావిమొక్కలు కాపురం పెట్టాయి. ఇంజన్లకు మాత్రం లోటు రాలేదు. వాటిలో అదృష్టమున్నవి రంగు పూయించుకుని మ్యూజియాల్లోనూ స్టేషన్ల ముందూ గద్దెలెక్కాయి. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్న లెక్క ఇంజనుకు వర్తించింది గాని మావటివాడికి వర్తించలేదు.

ఈ మావటివాడి సంగతి పొగ కవిత్వంలో రాదు, వస్తే కవిత్వం చెడుతుంది. బాయిలరు ముందు నిలబడి, ఊగే నేల మీద కాళ్లు తన్నిపట్టి, టెండరులోంచి పారతో బొగ్గు తోడి నిప్పుల నోట్లో వేయడం ఫైర్‌మన్ పని. ముందు మంట, పక్కన ఎండ, మే నెలయితే రెండూ ఒకటే. ఇంతా చేసి, ఆ బొగ్గులోని శక్తిలో పదో వంతు కూడా చక్రాల దాకా చేరేది కాదు. మిగిలినదంతా ఆకాశానికి పోయేది. మనం ఇప్పుడు తలచుకుని కంటతడి పెట్టేది ఆ వృథా అయిన తొమ్మిది వంతుల్నే. 1973లో లోకో సిబ్బంది సమ్మెకు దిగి అడిగినదేమిటో గుర్తుంటే బాగుండును: రోజుకు పది గంటలకు మించని డ్యూటీ. ఎనిమిది కాదు సుమా, పది. అంటే అంతకుముందు ఎన్ని గంటలుండేదో లెక్క ఎవరికి వారు వేసుకోవచ్చు. మరుసటి ఏడాది మే నెలలో ఇరవై రోజులు సాగిన దేశవ్యాప్త రైల్వే సమ్మెకు వెనకున్న కోపాల్లో ఇదీ ఒకటి. ఇక సౌకర్యాల మాట. 1853లో బోరీబందర్ నుంచి ఠాణాకు తొలి ప్రయాణికుల బండి కదిలిన తర్వాత అర్ధశతాబ్దానికి పైగా దిగువ తరగతి ప్రయాణికుడికి పెట్టెలో మరుగుదొడ్డి లేదు. వాడికైనా తర్వాత వచ్చింది. బండి నడిపేవాడికి ఇంజన్లో మరుగుదొడ్డి ఉండాలన్న ఆలోచన మొదటిసారి ఇంజనెక్కింది 2016లో, అదీ ఒకే ఒక్క ఇంజనుకు, మంత్రిగారి జెండాతో. మొత్తం 163 ఏళ్లు. మన రైళ్లు మరీ అంత ఆలస్యంగా నడవవని వాదించేవాళ్లు ఈ ఒక్క అంకె దగ్గర ఆగాలి.

రైల్వే ఊళ్ల గురించి రాసేవాళ్లకు ఇంకో ఇష్టమైన దృశ్యం ఉంది. నున్నటి చెక్క నేల, పియానో, క్రిస్మస్ రాత్రి నృత్యం, ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ల కుటుంబాలు. అందమైన దృశ్యమే. కాకపోతే ఆ హాలు పేరు యూరోపియన్ ఇన్‌స్టిట్యూట్. పెద్ద రైల్వే కాలనీల్లో దానికి దూరంగా ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ అని వేరే కట్టేవారు. చాలాకాలం మెయిలు బండి తోలే చెయ్యి ఒక రంగు, దానికి బొగ్గు వేసే చెయ్యి ఇంకో రంగు. పాత ఫొటోలు నలుపు తెలుపుల్లో ఉండటం వల్ల ఈ తేడా కళాత్మకంగా కనిపిస్తుంది.

ఆ కాలానికి అదే గతి, వేరే దారి లేదు కదా అని ఒక వాదన. ఉంది. బొంబాయిలో విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లాకు కరెంటు రైలు 1925 ఫిబ్రవరి 3నే నడిచింది. ఆ తర్వాత పాతికేళ్లకు, స్వతంత్ర దేశంలో, మనం చిత్తరంజన్‌లో కర్మాగారం పెట్టి ఆవిరి ఇంజన్లు చేయడం మొదలుపెట్టాం. 1972 దాకా చేస్తూనే ఉన్నాం, మొత్తం 2,351. చంద్రుడి మీద మనిషి కాలు పెట్టిన మరుసటి ఏడాది, 1970లో, బ్రాడ్‌గేజికి ఆఖరి ఆవిరి ఇంజను చేసి దానికి ‘అంతిమ్ సితారా’ అని పేరు పెట్టాం. పేరు చక్కగా కుదిరింది. ఇందులో రహస్యమేమీ లేదు. మన దగ్గర బొగ్గు చవక, బొగ్గు వేసే చేతులు ఇంకా చవక. ఆవిరి యుగం అంతకాలం సాగడానికి కారణం దాని అందమని ఎవరైనా అంటే, బావిలోంచి నీళ్లు తోడే కోడలి గాజుల చప్పుడు కోసమే మామగారు మోటారు పెట్టించలేదని కూడా ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో ఎంత భద్రమో అనేవాళ్లూ ఉన్నారు. 1956 సెప్టెంబరులో జడ్చర్ల–మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి వందమందికి పైగా చనిపోయినది ఆ రోజుల్లోనే. ఆ రోజుల నుంచి నిజంగా దాచుకోదగ్గది ఏదైనా ఉంటే, ఆ ప్రమాదానికి బాధ్యత వహిస్తూ అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాసిచ్చిన రాజీనామా. ఆయన ఇచ్చిన మొదటి రాజీనామాను నెహ్రూ తీసుకోలేదు. నవంబరులో అరియలూరు ప్రమాదం తర్వాత రెండోది ఇచ్చి వెళ్లిపోయారు. వారసత్వ రైళ్ల జాబితాలో ఆ సర్వీసును పునరుద్ధరించే ప్రతిపాదన మాత్రం ఎవరూ పెట్టడం లేదు.

గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. పొగను తలచుకునేది నగరాల్లోని రసికులే కాదు, షెడ్లలో చెమటోడ్చిన పాత రైల్వేవాళ్లూ తలచుకుంటారు, వాళ్లదీ వేషమేనా అని. కాదు. బాయిలరు శబ్దం విని రోగం చెప్పగల చెవి, గేజి చూడకుండా ఆవిరి అంచనా కట్టగల చెయ్యి ఒక విద్య. ఆ విద్య తనతోనే పోతుందని తెలిసినవాడు బాధపడతాడు, పడాలి. కాని ఆ బాధలో పొగ ఎంత, పని ఎంత అన్నది తేల్చడానికి మన దగ్గరే సాక్ష్యముంది. ఆవిరి పోయింది ఒక్క బిట్రగుంటలోనేనా? గుత్తిలో పోయింది, కాజీపేటలోనూ పోయింది. వాటికి డీజిలు షెడ్లు దక్కాయి, కాజీపేటకు కరెంటు షెడ్డు కూడా వచ్చింది. అందుకే గుత్తి మీద విషాద గీతాలు పెద్దగా రావు. షెడ్డులో షిఫ్టు మారే వేళ టీకొట్టు దగ్గర గుంపు ఉన్నంతకాలం ఊరికి జ్ఞాపకాల అవసరం తక్కువ. కాజీపేట దశాబ్దాలుగా ఆందోళన చేసింది కోచ్ ఫ్యాక్టరీ కోసం. 1980ల్లో ఆ ఫ్యాక్టరీ పంజాబ్‌లోని కపుర్తలాకు వెళ్లిపోయింది. 2023 జులైలో వ్యాగన్ల తయారీ యూనిట్‌కు శంకుస్థాపన జరిగింది. ఇన్నేళ్ల ధర్నాల్లో మా పొగ మాకివ్వండని ఒక్క నినాదం వినిపించలేదు. ఉద్యోగం పోయినచోట మాత్రమే పొగ అందంగా కనిపిస్తుందన్నమాట.

అయితే పాత ఇంజన్లన్నీ తుక్కుకు వేయమంటారా అని అడగొచ్చు. వేయొద్దు. డార్జిలింగ్ కొండబండిని యునెస్కో 1999లో గుర్తించింది, నీలగిరి బండిని 2005లో. అక్కడ ఇంజను నిజంగా నీళ్లు తాగి ఆవిరి వదులుతుంది, దాన్ని బతికించడానికి వర్క్‌షాపులో మనుషులు నిజంగా పనిచేస్తారు. హర్యానాలోని రేవాడీ షెడ్డులో పాత ఇంజన్లను ఇంకా రాజేస్తున్నారు. వాటిలో అక్బర్ అనే ఇంజను సినిమాల్లో వేషాలు వేస్తుంది, నిప్పు మాత్రం నిజంది. వీటికి దండం పెట్టొచ్చు. మన దగ్గర అభిరుచి వేరు. లాలాగూడలో నిజాం రైల్వే 1893లో పెట్టిన వర్క్‌షాపు ఈనాటికీ పెట్టెలు బాగుచేస్తోంది. దాని ముందు సెల్ఫీ దిగేవాడు కనిపించడు, ఎందుకంటే అక్కడ గ్రీజు వాసన వస్తుంది, లోపల మనుషులుంటారు. గోదావరి మీద 1900లో మొదలైన హేవ్‌లాక్ వంతెన 1997లో రైళ్లు ఆగాకే అందరికీ ముద్దొచ్చింది. సికింద్రాబాద్ స్టేషన్‌ను 700 కోట్లకు పైబడిన ఖర్చుతో తిరిగి కడుతూ 2025లో పాత కమానుల్ని కూల్చినప్పుడు ఫోన్లన్నీ పైకి లేచాయి. ఆ కమానుల కింద రాత్రంతా నేల మీద పడుకుని జనరల్ పెట్టె కోసం ఎదురుచూసినవాళ్లు ఆ ఫొటోల్లో లేరు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడమన్నట్టు, తాతలు పొగ మింగారు, మా స్టేటస్‌లు చూడమంటున్నాం.

పోనీ, పాపం ఇదంతా ఖర్చులేని సరదా, దీనివల్ల ఎవరికి నష్టం? ఖర్చులేనిది గనకే పాలకులకు ఇంత ముద్దు. ఆవిరి బండిని స్వయంగా ఎక్కి, గుర్తుంచుకోగలిగిన వయసు ఎవరిదో ఆలోచించండి. వాళ్లలో పెద్దవాళ్లకు, అరవై నిండిన మగవాళ్లకు 40 శాతం, యాభై ఎనిమిది నిండిన ఆడవాళ్లకు 50 శాతం, టికెట్టులో రాయితీ ఉండేది. 2020 మార్చిలో కరోనా పేరు చెప్పి దాన్ని ఆపారు. కరోనా వెళ్లిపోయింది, రాయితీ మళ్లీ పట్టాలెక్కలేదు. జ్ఞాపకాలు మీవి, చార్జీ పూర్తిగా మాది అని ఒప్పందం. అదే అదనుగా ప్యాసింజరు బండ్లకు ఎక్స్‌ప్రెస్ అని పేరు మార్చి కనీస చార్జీ 10 రూపాయల్ని 30 చేశారు. 2024 ఫిబ్రవరిలో మళ్లీ పదికి దించే దాకా, దాదాపు నాలుగేళ్లు, పేదవాడు ప్రతి స్టేషన్‌లోనూ ఆగుతూ ఆవిరి యుగపు వేగాన్ని మూడింతల ధరకు ఆస్వాదించాడు. అంతటి వారసత్వ యాత్ర ఇంకెక్కడుంది?

రేపు ఎవరికైనా మనసు కరిగి, ఏక్తానగర్‌లో లాంటి నల్ల ఇంజన్ను మన లైను మీద కూడా తిప్పుదామని అనిపించవచ్చు. చెన్నై నుంచి విజయవాడకు, పూలదండలతో, కూతతో, కిటికీల నిండా ఫోన్లతో. టికెట్టు కాస్త ఎక్కువే ఉంటుంది, అయినా దొరకదు. గూడూరు దాటి, నెల్లూరు దాటి, పాత గుండ్రటి షెడ్డు ఉన్న చోటికి వస్తుంది. అక్కడ మాత్రం ఆగదు. దానికి దాహం వేయదు కదా.