గడికి కొలతలు, కూలికి సున్న

వాస్తువిద్యలో పట్టభద్రుడగుటకు అయిదేండ్లు, ఆపై మాస్టర్స్ పట్టమునకు మరి రెండేండ్లు, వెరసి ఏడు వత్సరములపాటు విదేశీ గాజుమేడల ఛాయాచిత్రములను తిలకించి, కాంక్రీటును కీర్తించి, కంప్యూటరు తెరపై లేని చెట్లకు నీడలు గీచిన మన యువకునకు, చివరి సెమిస్టరులో థీసిస్ అను గండము సమీపించినంతనే స్వగ్రామము జ్ఞప్తికి వచ్చును. కూలగొట్టి స్లాబు వేయుమని తానే తండ్రిని పోరిన పెంకుటిల్లు నాటినుండి ‘దేశీయ వాస్తుసంపద’ యగును.

ఈ చదువునకు మనకు కొరత లేదు. హైదరాబాదు మాసాబ్‌ట్యాంకులో 2008 నుండి వాస్తు లలితకళలకే ప్రత్యేకముగా ఒక విశ్వవిద్యాలయము గలదు. అదే యేట విజయవాడలో కేంద్రప్రభుత్వపు విద్యాలయము వెలసినది. మన కథానాయకుడు ఈ రెంటిలో దేనియందును చదువలేదనుకొనుడు; చదివినది ఎక్కడైనను కథ మారదు.

1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన పాలంపేట రామప్ప గుడిమీద వ్రాయవలెనని అతడు మొదట తలచెను గాని, ఆ గుడి ఇసుక పునాదులను, నీటిపై తేలు ఇటుకలను ముందటి బ్యాచీలవారు ఏ మూలను విడువక వాడివేసియున్నందున, దేవరుప్పుల ప్రాంతపు పాడుబడిన గడి యొకదానిమీద దృష్టి నిలిపెను. లేజరు సాధనముతో గోడల మందము కొలిచెను. డ్రోను ఎగురవేసి పైకప్పును చిత్రించెను. భవంతిలో మధ్యాహ్నపు నీడ ఎంతమేర జరుగునో లెక్క గట్టెను. ఇంతవరకు తప్పుపట్టుటకేమియు లేదు. పటములపై పేర్లు వ్రాయుటతో విద్యాప్రభావము బయటపడినది. దొర కూర్చుండి తీర్పులు చెప్పిన అరుగు ‘సామాజిక సమ్మేళన స్థలము’ అయినది. జనము చెప్పులు చేతబట్టుకొని నిలిచిన గుమ్మము ముంగిలి ‘సంధిస్థలము’ అయినది. రైతులనుండి గుంజుకొన్న వడ్లు పోసిన గరిసెలను ‘స్వయంపోషక జీవనమునకు నిదర్శనము’ అని వర్ణించెను. సామగ్రి పట్టికలో రాయి, డంగుసున్నము, టేకు దూలములు పరిమాణములతో సహా చేరినవి. శ్రమ యను శీర్షికకు ఎదుట మాత్రము ‘స్థానికుల భాగస్వామ్యముతో’ అని యున్నది.

ఊరిలోని ముదుసలి సుతారినొకనిని అతడు ప్రశ్నింపకపోలేదు.

“తాతా, ఈ గోడలు కట్టినప్పుడు కూలి ఎట్ల ఇచ్చేటోళ్లు?”

“కూలా బిడ్డా! మా నాయిన చెప్పెటోడు. దొర మనిషి పిలిస్తె పోవుడే. పోకుంటె వాడే ఇంటికొచ్చెటోడు.”

ఈ వాక్యము ఫోనులో రికార్డయినది. పేజీల పరిమితి వలన గ్రంథమునకెక్కలేదు.

దేవరుప్పుల మండలమందలి కడవెండిలోనే 1946 జూలై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్చిన తుపాకి గుండుకు దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. తెలంగాణ సాయుధ పోరాటపు చరిత్ర చెప్పువారెవ్వరును ఆ దినమును దాటిపోలేరు. మనవాని గ్రంథములో దీనికొక పాదసూచిక దొరికినది, అదియు కిటికీల ప్రకరణమున.

చివరి అధ్యాయము పునర్వినియోగ ప్రణాళిక. గడి రిసార్టగును, పశువుల కొట్టమున్న చోట ఈతకొలను వచ్చును, అరుగుమీద అతిథులకు సాయంకాలపు ఫలహారము పెట్టుదురు. జ్యూరీలోని పెద్దలు కంటద్దాలు సవరించుకొని, కొలను అంచున పరచు బండల రంగుమీద ముప్పావుగంట వాదించి, ఉత్తమశ్రేణి ప్రసాదించిరి.

పట్టము చేతబట్టి యువకుడు ఇల్లు చేరునప్పటికి తండ్రి కొత్త ఇంటికి ముగ్గు పోయించుచున్నాడు. ఇందిరమ్మ ఇంటికి సర్కారు ఇచ్చునది 5 లక్షలు, మించరాని వైశాల్యము 600 చదరపు అడుగులు. వంటిల్లు ఏ మూలనుండవలెనో సిద్ధాంతి చెప్పినాడు, మిగిలినదంతయు సుతారి చూచుకొనును. అచ్చట ఏడేండ్ల చదువునకు అప్పగించిన పని టేపు కొస పట్టుకొనుట. దీనికి చట్టముయొక్క అడ్డంకియు లేదు: 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టము బిరుదును కాపాడును గాని వృత్తిని కాదనియు, ఇల్లు గీయు పని ఎవరైనను చేయవచ్చును గాని రిజిస్టరు కానివాడు తన్ను ఆర్కిటెక్టని చెప్పుకొనరాదనియు సుప్రీంకోర్టు 2020లో తేల్చినది. సుతారి ఆ బిరుదును ఎన్నడును కోరలేదు. శనివారము శనివారము తన కూలి తనకు ముట్టవలెనన్నదే అతని పట్టుదల. ఆ మాటను అతని తాతముత్తాతలు అనగలిగియుండినచో గడి గోడలు మోకాలెత్తు దాటియుండెడివి కావు.

జ్యూరీలో కూర్చుండు పెద్దలకు ఒక మనవి. మరియొక గడి పటము మీ యెదుట గోడకు వ్రేలాడినప్పుడు, ఈతకొలను లోతెంతయని విచారించుటకు ముందు, కూలి పద్దు ఏదని అడుగుడు. సమాధానము లేకున్న ఆ విద్యార్థిని మరల ఊరికి పంపుడు. తాత ఇంకను ఉన్నాడు.