నాలుగు ఇటుకల మీద నవనాగరికత

ఢిల్లీ చుట్టుపక్కల కాలనీల్లో కారు ఓనర్లకు తెల్లారగానే బాల్కనీలోంచి కనబడే వింత ఒకటుంది. కారు ఉంటుంది. సెంట్రల్ లాక్ వేసింది వేసినట్టే ఉంటుంది. స్టీరింగుకు బిగించిన ఇనుప కడ్డీ కూడా చెక్కుచెదరదు. చక్రాలు మాత్రం ఉండవు, వాటి చోట ఇటుకలుంటాయి. దొంగ ఎంత మర్యాదస్తుడంటే, బండిని నేల మీద పడేసి పోడు, పీట వేసి కూర్చోబెట్టి మరీ పోతాడు.

కంపెనీ అలారం మోగలేదా అంటే, ఎందుకు మోగుతుంది? తలుపో డిక్కీయో తెరిస్తే అరవమన్నారు గానీ చక్రాలు విప్పితే అరవమని దానికెవరు చెప్పారు? జాకీతో మెల్లగా లేపితే పసిగట్టే సెన్సర్ వేరు, అది ఖరీదైన బళ్లకే. బజార్లో బిగించుకున్న అలారమైతే కుదిపితే చాలు మోగుతుంది. బానెట్ మీదికి పిల్లి దూకినా, పక్కింట్లో లక్ష్మీబాంబు పేలినా వీధినంతా లేపుతుంది. కొన్నాళ్లకు వీధికి అలవాటైపోతుంది. అసలు దొంగ వచ్చిన రాత్రి "ఎవరిదో ఆపండయ్యా" అని విసుక్కుని దుప్పటి ముసుగేస్తుంది.

చక్రాల దొంగకు షోరూంవాడి మందు లాక్ నట్లు. చక్రానికి ఒక నట్టు విచిత్రమైన గాడితో ఉంటుంది, దానికి సరిపోయే తాళం ఉంటేనే ఊడుతుంది. దొంగ ఆ తాళం కోసం వెతకడు. కాస్త బిగువైన సాకెట్టును సుత్తితో నట్టు మీదికి దిగగొట్టి, పొడుగాటి పానాతో తిప్పేస్తాడు. ఓపిక లేనివాడికి రకరకాల గాడుల తాళాల సెట్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి, డెలివరీ ఇంటికే. సూర్యాపేట దాటాక అర్ధరాత్రి పంక్చరైతే, స్టెప్నీ ఉండీ ఆ తాళం కనబడక తల పట్టుకునేవాడు మాత్రం ఓనరే.

ఇక జేబులో కీ ఉంటే చాలు, తలుపు దానంతటదే తెరుచుకునే బళ్లు. ఇద్దరు దొంగలొస్తారు. ఒకడు యాంటెనాతో గుమ్మం దగ్గర, ఇంకొకడు కారు దగ్గర. టీవీ పక్కన పడున్న కీ సిగ్నల్‌ను ఇటునుంచి అటు అందిస్తారు. అయ్యగారొచ్చారనుకుని బండి తలుపు తీస్తుంది. మరి విరుగుడు? రాత్రిపూట కీని మూతున్న లోహపు డబ్బాలో పెట్టుకోమంటారు నిపుణులు. లక్షలు పోసి కొన్న టెక్నాలజీకి చివరికి పోపులపెట్టే దిక్కు.

అసలు రక్షణే పెట్టనివాళ్లూ ఉన్నారు. అమెరికాలో హ్యుందాయ్, కియాలు 2011 నుంచి 2022 దాకా అమ్మిన చాలా బళ్లకు, సొంత కీ లేనిదే ఇంజిన్ స్టార్టవనివ్వని ఇమ్మొబిలైజర్ పెట్టలేదు. కెనడాలో 2007 నుంచి చట్టం తప్పనిసరి చేసింది గనక అక్కడ పెట్టారు. కంపెనీలూ అవే, బళ్లూ అవే, బుద్ధి మాత్రం సరిహద్దు దగ్గర మారింది. యూఎస్‌బీ కేబుల్ కొసతో ఇగ్నిషన్ తిప్పే విద్య కుర్రాళ్లు టిక్‌టాక్‌లో నేర్చేసుకున్నాక, 2023లో సాఫ్ట్‌వేర్ మార్చారు, స్టీరింగ్ కడ్డీలు ఉచితంగా పంచారు. ఈ బండికి రక్షణ ఉంది అని చెప్పే స్టిక్కరూ అద్దానికి అంటించుకోమన్నారు. దొంగకు చదువొచ్చని ఆ కంపెనీల నమ్మకం.

మన దగ్గర ఈ పరికరాల విలువ తెలిసింది ఇన్సూరెన్సువాళ్లకే. వాహనాలను పరీక్షించే ఏఆర్‌ఏఐ సంస్థ ఆమోదించిన దొంగతన నిరోధక పరికరం బిగిస్తే మోటారు టారిఫ్ ప్రకారం సొంత నష్టం ప్రీమియంలో రాయితీ 2.5 శాతం, అదీ 500 రూపాయలకు మించదు. కీ లేకుండానే బండి ఎగరేసుకుపోయినవాడు హాయిగా ఉంటాడు, క్లెయిముకెళ్లిన ఓనరు మాత్రం రెండు ఒరిజినల్ కీలూ బల్ల మీద పెట్టాలి. ఒకటే దొరికిందన్నారా, గుమాస్తా కళ్లజోడు పైనుంచి చూస్తాడు: "బండి ఎవరికైనా మీరే ఇచ్చారా సార్?"