ఐసీటీ రికార్డు రాయు విధానము

బీఎడ్ చదువు ఉద్యోగానికి అక్కరకు రాదని పెదవి విరిచే మేధావులెవరూ సెమిస్టర్ చివర్లో మన కాలేజీల వైపు వచ్చిన పాపాన పోలేదు. వస్తే తెలిసేది. ఐసీటీ (సమాచార, ప్రసార సాంకేతికత) రికార్డు ఒక్కటి సక్రమంగా పూర్తి చేసిన ఛాత్రోపాధ్యాయుడు రేపు ఏ సర్కారు బడిలో వేసినా నెగ్గుకొస్తాడు. కాబట్టి మార్కులు వేసే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గారు దిగేలోపు ఈ నాలుగు ముక్కలూ చదువుకోండి.

2014లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) నిబంధనలు మార్చి ఏడాది బీఎడ్‌ను రెండేళ్లు చేసింది. బడిలో ఇంటర్న్‌షిప్ 20 వారాలు ఉండాలంది. ఐసీటీ మీద విమర్శనాత్మక అవగాహన కలిగించాలని ఒక పేపరూ చేర్చింది. ఆ పేపరు ఢిల్లీలో బయల్దేరినప్పుడు కంప్యూటర్‌లోనే ఉంది. మన జిల్లాకు చేరేసరికి అట్ట వేసిన రికార్డు పుస్తకంలోకి దిగింది.

రికార్డులో కుడివైపు గీతల కాగితం, ఎడమవైపు తెల్లకాగితం. తెల్లకాగితం మీద కంప్యూటర్ బొమ్మ వెయ్యాలి. పెన్సిల్‌తో, స్కేలు పెట్టి. మౌసుకు తోక గీయడం మరిస్తే అరమార్కు ఎగిరిపోతుంది. ఈరోజుల్లో మౌసులకు తోకలెక్కడివని వాదించకండి. ఎక్స్‌టర్నల్ గారు చదువుకునేటప్పుడు ఉండేవి. శీర్షికలకు స్కెచ్ పెన్ను వాడొచ్చు కానీ ఆకుపచ్చ ఇంకు జోలికి పోవద్దు, అది ప్రిన్సిపాల్ గారి సొత్తు.

కంప్యూటర్ ల్యాబ్ ఉందా అని కొందరు అమాయకంగా అడుగుతున్నారు. ఎందుకు లేదు? దుమ్ము పడకుండా కంప్యూటర్లకు కవర్లున్నాయి, విద్యార్థులు పడకుండా గదికి తాళం ఉంది. తనిఖీ బృందం వచ్చిన రోజు రెండూ తీస్తారు.

తరువాత పవర్‌పాయింట్. కిరణజన్య సంయోగక్రియ మీద ఒక పీపీటీ మన కాలేజీలో తరతరాలుగా పెన్‌డ్రైవ్ నుంచి పెన్‌డ్రైవ్‌కు సంక్రమిస్తోంది. మొదటి స్లైడు మీద మీ పేరు, హాల్‌టికెట్ నంబరు మార్చుకుంటే సరి. చివరి స్లైడులో గులాబీ పువ్వుల కింద ఉన్న థాంక్యూను మాత్రం కదిలించకండి. ఫైలు ప్రాపర్టీస్‌లోకి వెళ్తే ఇంకా మొదటి రచయిత్రి పేరే కనిపిస్తుంది. ఆవిడ టీచరై, ప్రమోషన్ కూడా తీసుకుందని వినికిడి. యూనికోడ్ రాకముందటి ఫాంటులో టైపు చేసినది కనుక వేరే ల్యాప్‌టాప్‌లో తెరిస్తే పత్రహరితం కాస్తా బ్రాకెట్లు, డాలర్ గుర్తులుగా మారిపోతుంది. కంగారు పడొద్దు. అదేదో కోడింగ్ అనుకుని ఎక్స్‌టర్నల్ గారు మరో మార్కు కలిపిన సందర్భాలున్నాయి. ఇదంతా అయ్యాక స్లైడులను పేజీకి ఆరు చొప్పున ప్రింటు తీయించి రికార్డులో గమ్ముతో అతికించాలి. యానిమేషన్ ఉన్న చోట బాణం గుర్తు వెయ్యండి.

ఈమధ్య కృత్రిమ మేధ వచ్చింది కదా, పాఠ్య పథకాలు దాన్ని అడిగి రాయొచ్చా అంటే నిరభ్యంతరంగా రాయొచ్చు. కాపీ కొట్టలేదనడానికి రుజువుగా చేతిరాతే ఉండాలన్నది ఒక్కటే నియమం. అయితే అది ఇచ్చినదంతా ఎక్కించే ముందు ఒకసారి చదువుకోండి. కిందటేడు ఓ బుద్ధిమంతుడి రికార్డులో ‘తప్పకుండా! ఇదిగో మీరు అడిగిన పాఠ్య పథకం’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. దాని కింద గైడ్ సారు సంతకం, తేదీ కూడా ఉన్నాయి.

రికార్డులో రాయాల్సిన సూక్ష్మబోధన (మైక్రోటీచింగ్) పుట్టుక సంగతి చాలామందికి తెలియదు. 1963 ప్రాంతంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో మొదలైనప్పుడు దానికి ప్రాణం వీడియో కెమెరాయే. తన పాఠాన్ని తానే తెర మీద చూసుకుని టీచరు సిగ్గుపడాలి, దిద్దుకోవాలి. మన దేశానికి వచ్చేసరికి కెమెరా ఖర్చెందుకని దాన్ని తీసేశారు, పిల్లల బదులు తోటి విద్యార్థులనే కూర్చోబెట్టారు. 6 నిమిషాలు బోధన, 6 సమీక్ష, 12 మళ్లీ తయారీ, 6 మళ్లీ బోధన, 6 మళ్లీ సమీక్ష, వెరసి 36 నిమిషాలు. రికార్డులో ఇది రాయడానికి పది నిమిషాలు చాలు. ఇంతటి వేగాన్ని స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఈనాటికీ అందుకోలేదు.

వైవాలో టీప్యాక్ తప్పక అడుగుతారు. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన పున్యా మిశ్రా, మాథ్యూ కోలర్ 2006లో ప్రతిపాదించారని చెప్పి, గాజు పెట్టి మూడు వృత్తాలు గీయండి: విషయం, బోధన, సాంకేతికత. మూడూ కలిసే నడుమ చోటులో టీచరు ఉండాలని వాళ్ల సిద్ధాంతం. మనం అక్కడ సంతకానికి జాగా వదులుతాం. డిజిటల్ పాఠాల వేదిక ‘దీక్ష’ గురించి అడిగితే, 2017 సెప్టెంబర్ 5న ఉపరాష్ట్రపతి హోదాలో వెంకయ్యనాయుడు గారు ప్రారంభించారని గడగడా చెప్పేయండి. ఆ తర్వాత మీ ఫోనులో ఆ యాప్ ఉందా లేదా అని అడిగే ఓపిక ఎవరికీ ఉండదు.

నాన్ అటెండింగ్ మిత్రులకు వేరే సలహాలు అక్కర్లేదు. దూరవిద్య అనే పేరు పెట్టకుండానే దూరం నుంచి చదవడం కనిపెట్టిన ఘనులు వాళ్లు. కాలేజీ ఏ వీధిలో ఉందో మాత్రం ఒక రోజు ముందే మ్యాపులో చూసుకుని రండి.

ఒక హెచ్చరిక. మీలో ఎవరికైనా అసైన్‌మెంట్‌ను నిజంగా చేయాలనే దురద పుడితే, ఓ అమ్మాయికి పట్టిన గతి గుర్తుంచుకోండి. ఇంటర్న్‌షిప్ చేసిన బడిలో చంద్రకళల మీద వీడియో చూపించబోయింది. పాఠం మధ్యలో కరెంటు పోయింది. ఫోనులో చూపిద్దామంటే నలభై తలకాయలు ఒక్క తెర మీదకు వంగాయి, వెనకవాళ్లకు ముందువాళ్ల జడలు తప్ప చంద్రుడు కనిపించలేదు. అప్పుడా అమ్మాయి కిటికీలు మూయించి, ఫోను టార్చి వెలిగించి, ఓ పిల్లాడి చేతిలో బంతి పెట్టి గుండ్రంగా తిరగమంది. పున్నమి, అమావాస్య రెండూ గదిలోనే వచ్చాయి. పగలు చంద్రుడు కనిపిస్తాడెందుకని ఓ పిల్ల అడిగింది. ఇదంతా రికార్డులో రాసి, ఈ పాఠానికి వీడియో కన్నా టార్చి మేలని తేల్చింది. విమర్శనాత్మక అవగాహన అంటూ ఐసీటీ పేపరు కోరింది సరిగ్గా ఇదేనని ఎవరైనా పొరబడొచ్చు. ఎక్స్‌టర్నల్ గారు పేజీలు అటూ ఇటూ తిప్పి, ‘ఇందులో టెక్నాలజీ ఏదమ్మా? ఫొటోలు కూడా లేవు’ అన్నారు. పాస్ మార్కులు మాత్రం వేశారు, దయగల మనిషి.

ఫొటో విలువ ఆ అమ్మాయికి ఉద్యోగంలో చేరాక తెలిసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి టీచర్లు సొంత ఫోనులో ముఖం చూపించి హాజరు వేసుకున్నారు. మధ్యాహ్న భోజనానికో ఫొటో, మరుగుదొడ్డికో ఫొటో ఎక్కించారు. సిగ్నల్ కోసం గోడెక్కిన మాస్టార్లకు పాఠం చెప్పే తీరిక దొరికిందా అని ఏ యాప్ అడగలేదు. రుజువు పంపితే పని జరిగినట్టే అనే ఈ విద్యను బీఎడ్‌లోనే చేతిరాతతో నేర్పిస్తున్న మన కాలేజీలను పట్టుకుని పనికిరానివంటారా?

వైవాలో చివరగా ‘తరగతి గదిలో టెక్నాలజీ వల్ల ప్రయోజనం ఎవరికి?’ అని అడుగుతారు. జవాబు ‘పిల్లలకు’. మర్చిపోతే రికార్డు తెరిచి చూసుకోండి, ప్రయోజనాల జాబితాలో తొమ్మిదో పాయింటు.