గాలొస్తే నిలబడతాదేటి?

చెరకులో లిగ్నిన్ తగ్గిస్తే మన రైతు బాగుపడతాడని నేను నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, చోడవరం చుట్టుపక్కల చెరకు పండించే మా వాళ్లందరికీ చెప్పుకొచ్చాను. పరాయి ఊరివాడెవడైనా చెప్పి ఉంటే తెలియక అన్నాడనుకోవచ్చు. నేను చెరకు తోటల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. ఆ సాకు నాకు లేదు.

2018లో కేంద్రం జాతీయ జీవ ఇంధన విధానం తెచ్చింది. పెట్రోలులో కలిపే ఇథనాల్‌ను మొలాసిస్ నుంచే కాదు, పిప్పి, గడ్డి నుంచి కూడా తీయవచ్చని పేపర్లన్నీ రాశాయి. ఆ రోజుల్లోనే అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఫ్రెడీ ఆల్ట్‌పీటర్ బృందం చేసిన పని చదివాను. పిప్పిలో ఉండే సెల్యులోజు కూడా ఒకరకంగా చక్కెరే. గొలుసుకట్టుగా ఉంటుంది. ఎంజైములతో ఆ గొలుసు తెంపితే పులియబెట్టి ఇథనాల్ చేసుకోవచ్చు. అడ్డం వచ్చేది లిగ్నిన్. కణాల గోడల్లో సెల్యులోజును పట్టుకుని ఉండే గట్టి పదార్థం అది, ఎంజైములను దగ్గరికి రానివ్వదు. ఆ బృందం లిగ్నిన్ తయారీకి కావలసిన ఒక జన్యువును అణచిపెట్టింది. పిప్పి నుంచి చక్కెర తేలిగ్గా వచ్చింది. తర్వాత టాలెన్ అనే జన్యు సవరణ పద్ధతిలో అదే జన్యువు ప్రతులను వందకు పైగా మార్చారు. మనిషికి ఉన్నవి 46 క్రోమోజోములు. చెరకుకు వంద దాటి ఉంటాయి, ఒక్కో జన్యువుకు లెక్కలేనన్ని ప్రతులు. అలాంటి మొక్కలో ఆ పని చేయగలిగారంటే ఒళ్లు పులకరించింది. ఇప్పటికీ అది గొప్ప పనే అంటాను.

సంక్రాంతికి ఊరెళ్లి, గానుగ దగ్గర కూర్చుని మామయ్యకు ఇదంతా చెప్పాను. "పిప్పి వృథాగా పోతోంది మామయ్యా, అందులో సగం పెట్రోలు బంకుంది" అన్నాను. నేనామాట అంటున్నప్పుడే పెనం కింద పొయ్యిలోకి ఒకతను ఎండిన పిప్పిని మోపులు మోపులుగా తోస్తున్నాడు. రసం కాగి, తెట్టు తీసి, పాకం ముదిరేదాకా ఆ పొయ్యికి వేరే కట్టె అక్కర్లేదు. మొన్న ఆడిన చెరకు పిప్పి పక్కనే ఎండలో ఆరుతోంది. పంచదార ఫ్యాక్టరీల్లో బాయిలర్లు మండేదీ పిప్పితోనే. నేను వృథా అన్నది అక్కడ ఎవరికీ వృథా కాదు. కళ్లెదుట మండుతున్నా నాకు తట్టలేదు.

మామయ్య అంతా విని ఒక్కటే అడిగాడు. "ఆ లిగ్నినో ఏటో తీసేత్తే, గాలొస్తే చెరకు నిలబడతాదేటి అల్లుడూ?"

"అవన్నీ శాస్త్రవేత్తలు చూసుకుంటారు మామయ్యా" అన్నాను. నన్ను ఇవాళ్టికీ బాధపెట్టేది ఆ జవాబే.

కాండానికి గట్టిదనం ఇచ్చేది లిగ్నిన్. వేరు నుంచి నీరు పైకెక్కే నాళాలు నొక్కుకుపోకుండా కాపాడేదీ అదే. చిన్నప్పుడు వానాకాలంలో ఎండాకులు మెలేసి, దుబ్బును దుబ్బుతో కలిపి జడచుట్టు వేసినవాణ్ణి. ఆకు అంచులకు మోచేతులు కోసుకుపోయి, చెమట తగిలి మండేవి. ఆ పాట్లన్నీ తోట పడిపోకూడదనే కదా! 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి, కోతకు సిద్ధమవుతున్న చెరకును నేలకు పడేసింది. పడిన చెరకుకు నేల తగిలిన కణుపుల్లో వేళ్లు పుడతాయి, పక్క మొలకలు లేస్తాయి. ఎలుకలు కొరుకుతాయి. తీపి తగ్గిన ఆ రసంతో వండిన బెల్లం సరిగ్గా దిమ్మ కట్టదు. ఇదంతా చూసి ఐదేళ్లయినా కాకుండానే మామయ్యకు ఆ జవాబిచ్చాను.

తర్వాత ఆ పరిశోధన మళ్లీ తీసి చదివాను. వాళ్లు మొక్కలను పొలంలో వేసి చూశారు. లిగ్నిన్ కాస్త తగ్గినవి మామూలుగానే పెరిగాయి, బాగా తగ్గినవాటిలో దిగుబడి పడిపోయింది. లిగ్నిన్ తీసేస్తే మొక్క ఏమవుతుందన్న అనుమానం వాళ్లకూ వచ్చింది, పొలంలోనే తేల్చుకున్నారు. ఇథనాల్ లెక్కల మీద ఉన్న ఆత్రంలో ఆ భాగం నేనే దాటేశాను.

పెట్రోలులో ఇథనాల్ వాటా 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. అందులో ఎక్కువ భాగం మొలాసిస్, చెరకు రసం, బియ్యం, మొక్కజొన్నల నుంచి వచ్చిందే. పిప్పి వంతు స్వల్పం. ఇటు మా వైపు, ఇప్పుడు అనకాపల్లి జిల్లా అయిన ప్రాంతంలో, కూలి భరించలేక చెరకు తీసేసి సరుగుడు వేసుకున్నవాళ్లున్నారు. లిగ్నిన్ తగ్గితే వాళ్ల కోత కూలి తగ్గుతుందా అని నేను ఒక్కరినీ అడగలేదు.

జన్యు మార్పు వద్దని నేననను. కాండం తొలిచే పురుగును తట్టుకునే చెరకును బ్రెజిల్ 2017లో అనుమతించింది. హైదరాబాద్‌లోని భారత వరి పరిశోధన సంస్థ సాంబ మసూరిని జన్యు సవరణతో మెరుగుపరచి 2025లో డీఆర్‌ఆర్ ధాన్ 100గా ప్రకటించింది. రెండు చోట్లా పని పొలంలోని అవసరం నుంచి మొదలైంది. నేను ఇంధన ట్యాంకు దగ్గర మొదలుపెట్టాను.

ఈమధ్య మామయ్య మళ్లీ అడిగాడు, కోసిన దుబ్బు నుంచే మళ్లీ పెరిగే కార్శి తోటకు ఎర్రకుళ్లు తెగులు రాని రకం ఏదైనా చేస్తున్నారా అని. ఈసారి నేనే ఆయన్ను అడిగి రాసుకున్నాను: ఏ రకం వేశాడు, ఎప్పుడు నాటాడు, పల్లపు చెక్కలో నీళ్లు ఎన్నాళ్లు నిలుస్తాయి, గాలికి ముందు ఏ వైపు పడుతుంది. 1913 నుంచి చెరకు మీద పనిచేస్తున్న అనకాపల్లి పరిశోధన కేంద్రానికి ఆ కాగితం పట్టుకుని ఇద్దరం వెళ్తున్నాం. మాట్లాడేది మామయ్యే.