అక్రమమా? తారీఖు చెప్పండి!

మన ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి లేని లేఅవుటు అక్రమమే. ఏ తేదీ దాకా అన్నదే ప్రశ్న. 2020 నాటి ఎల్‌ఆర్‌ఎస్‌కు, అంటే చార్జీ కట్టించుకుని అలాంటి లేఅవుట్లను సక్రమం చేసే పథకానికి, గీత 2019 ఆగస్టు 31. 2025లో ఆ గీత అదే ఏడాది జూన్ 30కి జరిగింది. ఇక ఆళ్లగడ్డ వైపైనా, నంద్యాల వైపైనా జొన్నచేలో సున్నం పూసిన రాళ్లు పాతి, ఎర్రమట్టి పరిచి ‘నలభై అడుగుల రోడ్డు’ అనేవాళ్లకు ఇంతకన్నా భరోసా ఏం కావాలి? పార్కుకు జాగా వదల్లేదా? చార్జీ కడితే సరి, పిల్లలు రసీదు మీద ఆడుకుంటారు! ఆ కట్టేది కూడా చాలాసార్లు రాళ్లు పాతినాయన కాదు, ప్లాటు కొన్నాయన. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోవెలకుంట్లలో కుంఫిణీ ఖజానా మీద పడ్డాడు. ఇప్పుడు ఖజానాయే జనం మీద పడుతోంది. అడ్వాన్సు ఇచ్చేముందు ఎల్పీ నంబరు, అంటే లేఅవుటు అనుమతి నంబరు, అడగండి సామీ.